టెక్నాలజీ షేర్లు పరుగెడుతున్న వేళ ఇంధన షేర్లను ఉంచుకోవడం సబబేనా?

ప్రశ్న (చిత్తూరు)

అందరికీ నమస్కారం. నేను చిత్తూరులో ఉపాధ్యాయుడిని. చమురు, బొగ్గు, విద్యుత్తు రంగాల్లోని ప్రభుత్వ కంపెనీల షేర్లను 2024 వేసవిలో, అందరూ వాటిని మెచ్చుకుంటున్న రోజుల్లో కొన్నాను. ఆ కంపెనీలకు లాభాలు వస్తున్నాయి, డివిడెండు జమ అయినట్లు ఫోనుకు సందేశాలూ వస్తున్నాయి, కానీ షేరు ధర మాత్రం నేను కొన్న చోటికి తిరిగి రావడం లేదు. మా స్టాఫ్ రూములో ఒక సహోద్యోగి ప్రతి మధ్యాహ్నం ఫోను తెరిచి, కృత్రిమ మేధ అనే మాట ప్రకటనలో కనిపించినందుకే అప్పర్ సర్క్యూట్ (ఒక రోజులో షేరు ధర పెరగడానికి అనుమతించే గరిష్ఠ హద్దు) తాకిన చిన్న కంపెనీని చూపిస్తుంటారు. ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందో ఆయనకూ తెలియదు. తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి పై చదువులకు రెండేళ్ళలో డబ్బు కావాలి. ఇంధన షేర్లను అమ్మి అటు మారడమా, ఇంకా ఓపిక పట్టడమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

సమాధానం (తిరుపతి)

మాస్టారూ, 1999లో నేను గాంధీ రోడ్డులోని ఒక బ్రోకరు కార్యాలయంలో పనిచేసేవాణ్ణి. పేరు చివర ఇన్ఫోటెక్ అనో సాఫ్ట్‌వేర్ అనో తగిలించుకున్న ప్రతి కంపెనీనీ జనం ఎగబడి కొన్న రోజులవి. అంతకు ముందు సంవత్సరం చివర ముడిచమురు పీపా 10 డాలర్ల దరిదాపులకు పడిపోవడంతో చమురు షేర్ల మాట ఎత్తితే వినేవారే లేరు. అమెరికాలో టెక్నాలజీ షేర్లు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ సూచీ 2000 మార్చి 10న 5048 వద్ద ముగిసింది, 2002 అక్టోబరులో 1114కు దిగింది, తిరిగి పాత ఎత్తు దాటడానికి 2015 వరకు పట్టింది. మన దగ్గర 2001 మార్చిలో షేర్ల బ్రోకరు కేతన్ పారేఖ్ అరెస్టయ్యేనాటికే ఆయన పెంచిన షేర్లు చాలావరకు కుప్పకూలాయి. చమురు మాత్రం 2000లోనే 30 డాలర్లు దాటి, 2008 జులైలో 147 డాలర్లకు చేరింది. ఆ సహోద్యోగి షేరు రేపే పడిపోతుందని నేను అనడం లేదు, ఎప్పుడు పడుతుందో ఆనాడూ ఎవరూ చెప్పలేకపోయారు. అయితే ఏం తయారుచేస్తుందో తెలియని కంపెనీలో అమ్మాయి చదువు డబ్బు పెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

సమాధానం (బంగారుపాళ్యం)

పెద్దాయన చెప్పిన చరిత్రలో సగమే ఉంది. అదే చమురు 147 డాలర్ల నుంచి ఆ ఏడాది డిసెంబరుకల్లా 40 డాలర్ల లోపుకు, 2014లో వంద దాటి ఉన్నది 2016 మొదట్లో 30 డాలర్ల లోపుకు పడింది. తోతాపురి మామిడి కాపు ఎంత బాగున్నా గుజ్జు ఫ్యాక్టరీ ఇచ్చే ధర రైతు చేతిలో లేనట్లే, చమురు తవ్వే కంపెనీకి దాని ధర తన చేతిలో ఉండదు. పైగా మన దేశంలో ప్రభుత్వమే యజమాని. డీజిల్ ధరను 2014 అక్టోబరులో మార్కెట్‌కు వదిలేవరకు తక్కువ ధరకు ఇంధనం అమ్మే ప్రభుత్వ కంపెనీల నష్టంలో వాటాను చమురు తవ్వే ఓఎన్జీసీ భరించాల్సి వచ్చేది. చమురు ధర బాగా పెరిగి లాభం కళ్ళజూసే సమయానికి, 2022 జులై 1న, దేశీయ ముడిచమురుపై టన్నుకు 23,250 రూపాయల అదనపు పన్ను వేశారు. దాన్ని 2024 డిసెంబరులో ఎత్తివేశారు. కాబట్టి మాస్టారి అసహనం అకారణమైనది కాదు. ధర తగ్గితే నష్టం వాటాదారుడికి పూర్తిగా వస్తుంది, పెరిగితే లాభం పూర్తిగా రాదు.

సమాధానం (తిరుపతి)

చమురునూ విద్యుత్తునూ ఒకే గాటన కట్టకండి. ఎన్టీపీసీ వంటి విద్యుదుత్పత్తి సంస్థల థర్మల్ కేంద్రాలకు కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి ఈక్విటీపై, అంటే అప్పు కాకుండా యజమానులు పెట్టిన సొమ్ముపై, 15.5 శాతం రాబడిని ఆధారంగా చేసుకుని టారిఫ్ (కరెంటు అమ్మే ధర) నిర్ణయిస్తుంది. విశాఖలో గూగుల్ అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లతో, కరెంటు విపరీతంగా వాడే డేటా కేంద్రం పెడతానని 2025 అక్టోబరులో ప్రకటించగానే విద్యుత్తు షేర్లన్నీ రెట్టింపవుతాయని చాలామంది ఆశపడ్డారు. గిరాకీ పెరిగితే కొత్త కేంద్రాలు కడతారు, వాటిలో పెట్టిన ఈక్విటీపై అదే తరహా రాబడి వస్తుంది, అంటే లాభం పెట్టుబడితో పాటే మెల్లగా పెరుగుతుంది గాని ఒక్కసారిగా ఎగరదు. టెక్నాలజీ షేరు పరుగును దీనినుంచి ఆశించడం న్యాయం కాదు. మీ దగ్గరున్న వాటిలో విద్యుత్తు ఎంత, చమురు ఎంత, బొగ్గు ఎంత?

ప్రశ్న అడిగినవారు

సగానికి పైగా చమురే ఉంది సార్. ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయి ఫీజుకు సరిపడా చమురు షేర్లను అమ్మి ఆ మొత్తాన్ని బ్యాంకు డిపాజిట్‌లో వేస్తాను, విద్యుత్తు షేర్లను ఉంచుతాను. డివిడెండుపై పన్ను కంపెనీయే కట్టేస్తుందా?

సమాధానం (తిరుపతి)

2020 ఏప్రిల్ నుంచి ఆ పద్ధతి లేదు మాస్టారూ. డివిడెండు మీ జీతంతో కలిసి మీ స్లాబు ప్రకారం పన్నుకు వస్తుంది. పన్ను కింద కంపెనీ ముందే కోసిన మొత్తం ఉంటే ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో మీ పేరిట ఉన్న పన్ను వివరాల్లో కనిపిస్తుంది, రిటర్ను వేసేటప్పుడు సరిచూసుకోండి.