ఇల్లు మారాక బుక్‌షెల్ఫ్‌లు ఊగుతున్నాయి, సలహా కావాలి

అందరికీ నమస్తే. మేం డాలస్ వచ్చి ఎంతో కాలం కాలేదు. టెంపరరీ హౌసింగ్ నుంచి పోయిన వారమే ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌కి మారాం. ఇండియా వెళ్లిపోతున్న ఒక తెలుగు ఫ్యామిలీ దగ్గర ఐకియా వాళ్ల పొడుగు బిల్లీ షెల్ఫ్‌లు రెండు, గళ్లు గళ్లుగా ఉండే కల్లాక్స్ షెల్ఫ్ ఒకటి, డ్రాయర్ల బీరువా ఒకటి తీసుకుని, విప్పకుండా అలాగే ట్రక్కులో తెచ్చేశాం. ఇప్పుడు కార్పెట్ మీద నిలబెడితే బిల్లీలు రెండూ ముందుకి వాలుతున్నాయి, చేత్తో తోస్తే పక్కకి కూడా ఊగుతున్నాయి. ప్రస్తుతానికి అట్టముక్కలు మడిచి కింద పెట్టాను. బాబుకి ఏడాదిన్నర, ఏది కనపడితే దాన్ని పట్టుకుని నిలబడుతున్నాడు. గోడకి కన్నాలు పెడితే డిపాజిట్ పోతుందని ఆఫీసులో ఒకరన్నారు. ఏం చేయమంటారు?

---

తమ్ముడూ, మిగతాది తర్వాత చదువుదువుగాని, ముందు ఆ షెల్ఫ్‌లలో సామాను దించేసి వాటిని నేలమీద పడుకోబెట్టు, లేదా బాబు వెళ్లని గదిలో పెట్టి తలుపెయ్యి. గోడకి బిగించేదాకా అంతే, మొహమాటం లేదు.

పక్కకి ఊగడం వేరు, ముందుకి వాలడం వేరు. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనిచేయదు. పక్కకి ఊగడానికి నేలతో సంబంధమే లేదు. బిల్లీ వెనక సన్నటి పలక ఉంటుంది చూడు, చాలామంది అది దుమ్ము పడకుండా పెట్టారనుకుంటారు, నిజానికి షెల్ఫ్ పక్కకి ఒరగకుండా పట్టి ఉంచేది అదే. విప్పకుండా ఎత్తి ట్రక్కులో పెట్టి, దించి, మెట్లెక్కిస్తే ఆ పలకకి కొట్టిన చిన్న మేకులు పార్టికల్ బోర్డులోంచి కొంచెం కొంచెంగా లేచిపోతాయి. దుప్పటి పరిచి షెల్ఫ్‌ని బోర్లా పడుకోబెట్టి వేలితో అంచు వెంబడి నొక్కుకుంటూ వెళ్తే ఎక్కడ లేచిందో తెలిసిపోతుంది.

అక్కడే వెంటనే సుత్తి తీసుకోకు. ముందు టేపుతో ఒక పై మూల నుంచి ఎదురుగా ఉన్న కింది మూలకి కొలువు, తర్వాత రెండో జత మూలలు కొలువు. రెండు కొలతలూ ఒకటే అయితే మూలమట్టంగా ఉన్నట్టు. ఒకటి ఎక్కువుంటే, ఆ ఎక్కువున్న మూలలు రెండింటినీ ఒకదానివైపు ఒకటి నెట్టు, సమానం అయ్యేదాకా. అప్పుడు మేకులు కొట్టు, పాత కన్నాల్లో కాదు, ఒక అంగుళం పక్కగా. ఒంకరగా ఉన్నప్పుడే కొట్టేస్తే ఆ ఒంకరే పర్మనెంట్ అయిపోతుంది, తర్వాత కింద ఎన్ని ముక్కలు పెట్టినా మట్టం కుదరదు. మరలు తిప్పితే బిగుసుకోకుండా ఊరికే తిరిగేచోట, కన్నంలో వుడ్ గ్లూ రాసి రెండు టూత్‌పిక్‌లు దూర్చి విరిచేసి, మర్నాటిదాకా ఆరనిచ్చి మళ్లీ బిగించు. కల్లాక్స్‌కి వెనక పలకే ఉండదు కాబట్టి దాని గట్టితనమంతా అతుకుల్లోనే ఉంది, ఆలెన్ కీతో, అంటే ఆరు పలకల వంకీ తాళంతో, బయటి స్క్రూలన్నీ ఒకసారి బిగించు.

ఇక ముందుకి వాలడం. ఇక్కడ కార్పెట్ అంచుని పట్టి ఉంచడానికి గోడ వెంబడి కింద మేకులున్న సన్నటి చెక్కపట్టీ కొడతారు. గోడ పక్కన కార్పెట్‌ని వేళ్లతో నొక్కి చూడు, గట్టిగా తగులుతుంది. జానెడు ఇవతలికి వస్తే మెత్తగా దిగిపోతుంది, ఎందుకంటే అక్కడ కింద స్పాంజి ప్యాడ్ ఉంది. షెల్ఫ్ వెనక అంచు ఆ పట్టీ మీద, ముందు అంచు ప్యాడ్ మీద ఉంటే వాలక ఏమవుతుంది? పుస్తకాలు సర్దాక ఇంకా దిగుతుంది. అందుకే ఖాళీ షెల్ఫ్‌కి మట్టం చూసి వదిలేయకూడదు, కింది అరలు నింపాక ఇంకోసారి చూడాలి.

అట్టముక్కలు తీసేయ్, బరువుకి నలిగిపోతాయి. హోమ్ డిపోలోనో లోస్‌లోనో షిమ్‌లు అని అడుగు, ఒకవైపు పలచగా ఇంకోవైపు మందంగా ఉండే ముక్కలు, చెక్కవి, ప్లాస్టిక్‌వి రెండూ దొరుకుతాయి, కొద్ది డాలర్లే. వాటిని నిలువు పలకల కింద, ముందువైపు నుంచి తట్టాలి. బరువంతా దిగేది ఆ నిలువు పలకల్లోంచే, మధ్యలో పెడితే అడుగు అర వంగుతుంది తప్ప లాభం లేదు. కార్పెట్ మరీ మెత్తనైతే ముందు అంచు పొడవునా ఒక సన్నటి ప్లైవుడ్ పట్టీ వేసి దానిమీద షిమ్ పెట్టు. పక్కలకి మట్టం కచ్చితంగా ఉండాలి. ముందు వెనకలకి కూడా అంతే, తేడా ఉంటే గింటే వెంట్రుకవాసి గోడవైపు ఉండాలి గానీ గదివైపు అస్సలు ఉండకూడదు.

మట్టం చూడటానికి రెండడుగుల రసమట్టం కొనుక్కో. ఫోన్‌లో యాప్ ఉంది కదా అంటావేమో, కెమెరా పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి ఫోన్‌ని వెల్లకిలా పెడితే తప్పు చూపిస్తుంది, పొడుగు అంచు మీద నిలబెడితే కొంత నయం. రసమట్టాన్ని ఒకసారి పెట్టి చూశాక అటుదిటు తిప్పి అదేచోట మళ్లీ చూడు, బుడగ రెండుసార్లూ ఒకేచోట నిలిస్తే అది మంచిది.

డాలస్‌లో ఇంకో సంగతి. ఇక్కడ చాలాచోట్ల మన గుంటూరు, కర్నూలు వైపు ఉండే నల్లరేగడి లాంటి నేలే. వానలకి ఉబ్బుతుంది, ఎండలకి ముడుచుకుని బీటలిస్తుంది, దాంతోపాటు పునాదులూ కదులుతాయి. మీది గ్రౌండ్ ఫ్లోర్ అయితే ఎండాకాలం అయ్యాక మట్టం మళ్లీ ఒకసారి చూసుకో.

గోడ విషయానికొస్తే, ఎంత మట్టంగా నిలబెట్టినా పిల్లాడు కింది అరలో కాలు పెట్టి పై అర పట్టుకుని వేలాడితే షెల్ఫ్ ముందుకే వస్తుంది, గోడకి కట్టి ఉండాల్సిందే. మన ఊళ్లో ఇటుక గోడకి ప్లగ్ దిగేసి మర బిగించినట్టు ఇక్కడ కుదరదు. ఇక్కడ గోడంటే సాధారణంగా అర అంగుళం డ్రైవాల్, అంటే జిప్సం పలక, దాని వెనక 16 అంగుళాలకొకటి చొప్పున నిలువు చెక్కలు, అవే స్టడ్‌లు. కొన్నిచోట్ల దూరం 24 ఉంటుంది. మర పట్టాల్సింది స్టడ్‌కే, రెండున్నర అంగుళాలది అయితే చాలు. స్టడ్ ఎక్కడుందో తెలియాలంటే ఫ్రిజ్‌కి అతికించే మంచి అయస్కాంతం గోడమీద మెల్లగా జరుపు, డ్రైవాల్ మరల దగ్గర అతుక్కుంటుంది, ఆ మరలు ఉండేది స్టడ్ మీదే. ఒకదాని కింద ఒకటి రెండు మూడు దొరికితే అదే గీత. స్విచ్‌లకి, ప్లగ్ పాయింట్లకి తిన్నగా పైనా కిందా మాత్రం డ్రిల్ చేయొద్దు, వైర్లుంటాయి. డ్రిల్ ఇనుముకి తగిలి ఆగిపోతే అక్కడితో ఆపెయ్, వైరుకో పైపుకో అడ్డంగా పెట్టిన రేకు అయ్యుండొచ్చు.

డిపాజిట్ కోసం భయపడకు. లీజింగ్ ఆఫీసుకి ఈమెయిల్ రాయి, చిన్న పిల్లాడున్నాడు, ఫర్నిచర్ గోడకి బిగించుకోవాలి అని. జవాబు కూడా రాతలోనే తీసుకో. ఖాళీ చేసేటప్పుడు స్పాకిల్, అంటే గోడ కన్నాలు పూడ్చే ముద్ద, పూసి గరుకు కాగితంతో రుద్దితే ఆ కన్నాలు కనపడవు.

---

అన్నయ్య చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. బాబూ, ఆ డ్రాయర్ల బీరువా సంగతి మర్చిపోకు, షెల్ఫ్‌ల కంటే నాకు దాని భయమే ఎక్కువ. పిల్లలు డ్రాయర్లు లాగి మెట్లెక్కినట్టు ఎక్కేస్తారు. పిల్లలు చనిపోయాకే 2016లో ఐకియా వాళ్లు అమెరికాలో 2.9 కోట్ల డ్రాయర్ బీరువాల్ని రీకాల్ చేశారు. సెకండ్ హ్యాండ్‌లో వచ్చింది కాబట్టి వెనక లేబుల్ చూసి, సీపీఎస్‌సీ (వస్తువుల భద్రత చూసే ఇక్కడి ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో రీకాల్ ఉందేమో ఈ రాత్రే వెతుకు. 2023 సెప్టెంబర్ నుంచి ఒరిగిపోకుండా ఉండాలన్న గట్టి నిబంధన వచ్చింది గానీ అది కొత్తగా తయారయ్యే బట్టల బీరువాలకే, బుక్‌షెల్ఫ్‌లకి వర్తించదు, పాతవాటికి అసలే లేదు. టీవీని ఆ బీరువా మీద పెట్టకు. రిమోట్లు, బొమ్మలు పైన దాచకు, వాటి కోసమే ఎక్కుతారు.

బరువులు కూడా చూసుకోండి. కల్లాక్స్‌లో ఒక్కో గడికి 13 కిలోలే. 20 పౌండ్ల సోనామసూరి సంచి ఒకటైతే పర్వాలేదు, దాని పక్కన కందిపప్పు సంచి కూడా కుక్కితే దాటిపోవచ్చు. బియ్యం, కుక్కర్లు, ఆవకాయ సీసాలు కింద, తేలికవి పైన. వీలైతే బియ్యం నేలమీద డబ్బాలో పోసుకోండి.

---

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. బీరువా ఖాళీ చేసి క్లోజెట్‌లో పెట్టి తలుపేశాం. లీజింగ్ ఆఫీసు వాళ్లు సరే అని మెయిల్ ఇచ్చారు. స్టడ్‌లు దొరికాయి కానీ బిల్లీతో వచ్చిన, గోడకి పట్టించే బ్రాకెట్ ఉన్నచోటికి స్టడ్ తిన్నగా రావట్లేదు. అక్కడ స్టడ్ లేకుండా ఉత్త డ్రైవాల్‌కే పట్టే ప్లగ్, అదే డ్రైవాల్ యాంకర్, వేసేయనా?

---

వద్దు తమ్ముడూ, బ్రాకెట్‌నే జరుపు. బిల్లీ 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు. 16 అంగుళాలకి ఒక స్టడ్ ఉంటే షెల్ఫ్ వెనక కనీసం ఒకటి, చాలావరకు రెండు వస్తాయి. పై పలక మీద స్టడ్‌కి ఎదురుగా కొత్త కన్నం పెట్టి బ్రాకెట్ అక్కడ బిగించు, పలకలోకి మాత్రం పొట్టి మర వాడు, లేకపోతే అవతలికి పొడుచుకొస్తుంది. అలా కూడా కుదరకపోతే నాలుగంగుళాల వెడల్పు చెక్క ఒకటి కోయించుకుని షెల్ఫ్ పై అంచు ఎత్తులో గోడకి అడ్డంగా, రెండు మూడు స్టడ్‌లకి పట్టేలా కొట్టు. తర్వాత బ్రాకెట్లు ఆ చెక్క మీద ఎక్కడైనా బిగించుకోవచ్చు, గోడ అడుగున కొట్టిన బేస్‌బోర్డ్ పట్టీ వల్ల వెనక మిగిలే సందు కూడా నిండుతుంది. బిల్లీలు రెండూ పక్కపక్కనే అయితే ముందు మట్టం చేసుకుని ఒకదానికొకటి పొట్టి మరలతో కలిపి, అప్పుడు గోడకి బిగించు. కల్లాక్స్ నిలువుగా పెడుతున్నా, అడ్డంగా పెడుతున్నా దానికీ ఇదే పని. అంతా అయ్యాక పై అంచు పట్టుకుని నీ వైపు గట్టిగా లాగి చూడు. కదిలితే మర స్టడ్‌కి పట్టలేదన్నమాట, తీసి మళ్లీ వెయ్యి. శనివారం పొద్దున్న నాకు ఖాళీయే, డ్రిల్ లేకపోతే చెప్పు, తెస్తాను.