స్మగ్లింగ్ కేసు టెర్రరిజం కేసుగా మారితే పగ్గాలు ఎవరి చేతికి వెళ్తాయి?

అమెరికాలో పనిచేసే లాయర్లు, పోలీసు శాఖ గురించి తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

తెలుగులో ఒక థ్రిల్లర్ రాస్తున్నాను. కథ 2010 ప్రాంతంలో, వాషింగ్టన్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దు దగ్గర జరుగుతుంది. విలన్ పాత స్మగ్లర్, ఈసారి పేలుడు పదార్థాలు దాటిస్తున్నాడు.

ఆలోచన 1999 డిసెంబర్ 14 నాటి ఘటన నుంచి వచ్చింది. కెనడాలోని విక్టోరియా నుంచి ఫెర్రీలో వాషింగ్టన్ రాష్ట్రంలోని పోర్ట్ ఏంజెలెస్ చేరిన అహ్మద్ రెస్సామ్ తడబాటు చూసి కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్ డయానా డీన్‌కు అనుమానం వచ్చింది. డిక్కీలో స్పేర్ టైరు ఉండాల్సిన చోట బాంబు సామగ్రి! ముందు డ్రగ్స్ అనుకున్నారట. అతని గురి లాస్ ఏంజెలెస్ విమానాశ్రయం.

అప్పట్లో కస్టమ్స్ ట్రెజరీ శాఖ కింద ఉండేది. 2003లో హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖలో కలిశాక సరిహద్దు తనిఖీలు సీబీపీకి (కస్టమ్స్, సరిహద్దు రక్షణ సంస్థ), దర్యాప్తు ఐసీఈకి (ఇమిగ్రేషన్, కస్టమ్స్ చట్టాల అమలు సంస్థ) వెళ్లాయి. టెర్రరిజం కేసుల్లో పెద్దన్న ఎఫ్‌బీఐ. దాని జాయింట్ టాస్క్‌ఫోర్సుల్లో మిగతా ఏజెన్సీలవాళ్లు, లోకల్ పోలీసులు కూడా ఉంటారు.

నా హీరోయిన్ ఐసీఈ ఏజెంట్, చాలాకాలంగా ఆ స్మగ్లర్ వెంటే ఉంది. బాంబు సంగతి బయటపడగానే ఆమె కేసు వదులుకోవాలా, లేక టాస్క్‌ఫోర్సులో చేరి కొనసాగవచ్చా? ఆమె నమ్మకంగా పెంచుకున్న ఇన్‌ఫార్మర్‌తో ఇక మాట్లాడేది ఎవరు? నాకు అసలు టెన్షన్ ఇక్కడే. రెండు ఏజెన్సీల మధ్య ఇగో గొడవ పెట్టేయొచ్చు, కానీ అది అరిగిపోయిన దారి.

ఇంకోటి, అక్కడ ఏజెంట్లు పై అధికారిని సార్ అంటారా, పేరు పెట్టి పిలుస్తారా?