చర్చ: ఇంట్లో ఏ అలవాటు మార్చుకుంటే వాతావరణానికి నిజంగా మేలు?

మీటరు పరిశీలకుడు:

వాతావరణ మార్పును అరికట్టడానికి మనవంతుగా ఏం చేయాలని అడిగితే చెట్లు నాటమని, దీపాలు ఆర్పమని, ప్లాస్టిక్ సంచులు మానమని ఎవరైనా చెబుతారు. ఆ సలహాలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మీరు స్వయంగా మార్చుకున్న అలవాట్లలో ఏది నిలబడింది, ఏది కొన్నాళ్లకు జారిపోయింది, ఏ మార్పు వల్ల కరెంటు మీటరులోనో ఇంధనం వాడకంలోనో కంటికి కనిపించే తేడా వచ్చింది అన్నది తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

మా ఇంట్లో ఒక్కొక్క ఉపకరణాన్నీ చిన్న ప్లగ్ మీటరుకు తగిలించి చూశాం. ఫోను ఛార్జర్లు, ఎల్ఈడీ దీపాలు దాదాపు లెక్కలోకి రానంత తక్కువ వాడుతున్నాయని, వేడి పుట్టించే ప్రతి వస్తువూ మిగిలినవాటిని మించిపోతున్నదని అప్పుడు తెలిసింది. దీనికి కారణం నీటి స్వభావంలోనే ఉంది. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్ల శక్తి కావాలి. ఆ లెక్కన 20 లీటర్ల నీటిని 25 డిగ్రీలు పెంచడానికి దాదాపు 0.6 యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. అంత కరెంటుతో 9 వాట్ల ఎల్ఈడీ దీపం అరవై గంటలకు పైగా వెలుగుతుంది. దీపం ఆర్పలేదని పిల్లలను కోప్పడి, గీజరును గంటల తరబడి ఆన్‌లో ఉంచే ఇళ్లు ఎన్ని ఉంటాయో మీరే ఊహించండి. మేము గీజరు ఉష్ణోగ్రతను తగ్గించి, స్నానానికి కాస్త ముందు మాత్రమే వేస్తున్నాం. బట్టల యంత్రాన్ని చన్నీటితో నడుపుతున్నాం, ఎందుకంటే వేడినీటి ఉతుకులో ఖర్చయ్యే కరెంటులో ఎక్కువ భాగం నీటిని కాచడానికే పోతుంది. ఈ రెండూ ఎవరికీ కష్టమనిపించకుండా నిలబడిపోయాయి.

వంటగది లెక్కలు:

మీ ప్రశ్న నాకు నచ్చింది, కాని మీటరులో కనిపించని ఖర్చు వంటగది చెత్తబుట్టలో ఉంటుందని నా అభిప్రాయం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో దాదాపు 60 శాతం హోటళ్లలోనో దుకాణాలలోనో కాక ఇళ్లలోనే వృథా అయింది. పొలంలో వాడిన ఎరువు, నీరు తోడిన కరెంటు, రవాణాకు కాల్చిన డీజిలు, వండిన గ్యాసు అన్నీ ఆ పారేసిన ముద్దతో పాటే పోతాయి. ఆ పైన ఆ చెత్త గాలి తగలని డంపింగ్ యార్డు అడుగున కుళ్లితే మీథేన్ పుడుతుంది. ఆ వాయువు వందేళ్ల కాలానికి లెక్కవేసినా కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. ఇరవై ఏళ్ల కాలానికే చూస్తే ఎనభై రెట్లు దాటుతుంది.

మా ఇంట్లో పనిచేసిన పద్ధతి చాలా సాదాది. పారేయవలసి వచ్చిన తినే పదార్థాలను మాత్రం విడిగా ఒక గిన్నెలో వేస్తూ, అవి ఎందుకు మిగిలాయో వారాంతంలో మాట్లాడుకునేవాళ్లం. ఎక్కువ వండడం వల్ల మిగిలినది తక్కువ, కొని మరచిపోవడం వల్ల పాడైనది ఎక్కువ అని తేలింది. అందుకని ఫ్రిజ్‌లో పాతవాటిని ముందు వరుసకు జరపడం, అరలన్నీ చూడకుండా కొత్త సరుకు కొనకపోవడం అనే రెండు నియమాలు పెట్టుకున్నాం. పొట్లాల మీద తేదీలను కూడా జాగ్రత్తగా చదవాలి. ‘బెస్ట్ బిఫోర్’ అని ఉన్న తేదీ రుచికీ నాణ్యతకూ సంబంధించినది, ‘యూజ్ బై’ అని ఉన్నది ఆరోగ్య భద్రతకు సంబంధించినది. మొదటిది దాటిందన్న ఒక్క కారణంతో మంచి పదార్థాన్ని పారేయనక్కరలేదు, రెండవది దాటితే మాత్రం తినకూడదు.

తొక్కలను, ఏరివేసిన ఆకులను కంపోస్టు చేస్తున్నాం. దుర్వాసన వస్తున్నదంటే లోపలికి గాలి ఆడడం లేదని అర్థం. ఎండుటాకులు కలిపి తిరగేస్తే తగ్గుతుంది.

సందేహి:

ఇవన్నీ శ్రద్ధగా చదివాను, అయినా నా సందేహం తీరలేదు. ఒక థర్మల్ విద్యుత్ కేంద్రం ఒక్క పూటలో వదిలే పొగను లక్షల గిన్నెల కంపోస్టు సరిచేయగలదా? ప్రభుత్వాలు, పరిశ్రమలు చేయవలసిన పనిని సామాన్యుల మనస్సాక్షి మీదకు నెట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు. నేను ఏసీ లేకుండా ఉక్కపోతలో కూర్చున్నందువల్ల సముద్రమట్టం ఎంత తగ్గుతుందో ఎవరైనా చెప్పగలరా?

గణితం టీచరు:

సందేహి గారి ప్రశ్న సగం వరకు సరైనదే, ఆ సగాన్ని దాటవేయకుండా జవాబు చెప్పాలి. వాతావరణ మార్పుపై అంతర్‌ప్రభుత్వ సంఘం, అంటే ఐపీసీసీ, 2022లో ప్రచురించిన నివేదిక ప్రకారం తలసరి ఉద్గారాలలో పై 10 శాతంలో ఉన్న కుటుంబాలే ప్రపంచంలోని గృహ వినియోగ ఉద్గారాలలో 34 నుంచి 45 శాతానికి కారణం. అడుగు 50 శాతం కుటుంబాల వాటా 13 నుంచి 15 శాతమే. కాబట్టి ఉన్నదే కొద్దిగా వాడుకునేవారిని ఇంకా తగ్గించుకోమనడం లెక్కప్రకారం కూడా తప్పే. ఉక్కపోతలో కూర్చోమని మిమ్మల్ని ఎవరూ అడగడం లేదు, అధిక వేడి ప్రాణాంతకం కూడా.

అయితే అదే నివేదిక మరొక మాట చెప్పింది. ఆహారం, ప్రయాణం, ఇళ్లు, వస్తువుల వినియోగం వంటి రంగాలలో వాడకం వైపు నుంచి వచ్చే మార్పుల ద్వారా 2050 నాటికి ఆయా రంగాల ఉద్గారాలను 40 నుంచి 70 శాతం వరకు తగ్గించే అవకాశం ఉంది. ఇక్కడ గమనించవలసినది, ఆ అంకెలో మనుషుల పట్టుదల ఒక్కటే లేదు. బస్సు ఉంటేనే బస్సెక్కుతాం, నడిచే దారి ఉంటేనే నడుస్తాం, గాలీ వెలుతురూ వచ్చేలా కట్టిన ఇంట్లోనే ఏసీ వాడకం తగ్గుతుంది. అందుకని వ్యక్తిగత చర్యల జాబితాలో దీపం ఆర్పడంతో పాటు, నివాస సంఘం సమావేశంలో పైకప్పు మీద సౌర ఫలకాల సంగతి లేవనెత్తడం, కార్యాలయంలో అనవసర విమాన ప్రయాణాలను ప్రశ్నించడం, ఓటు అడగడానికి వచ్చినవారిని బస్సుల గురించి నిలదీయడం కూడా చేరాలి. కాలిఫోర్నియాలో సౌర ఫలకాలపై జరిగి 2012లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఒక ప్రాంతంలో కొన్ని ఇళ్లు వాటిని పెట్టుకుంటే చుట్టుపక్కల ఇళ్లవారు పెట్టుకునే అవకాశం పెరుగుతుందని తేలింది. ఒక ఇంట్లో జరిగే మార్పు ఆ గోడల మధ్యే ఆగిపోదని చెప్పడానికే దీన్ని ప్రస్తావించాను.

ఏసీ మెకానిక్:

నేను ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే పనిలో ఉన్నాను కనుక, పైన ఎవరూ ప్రస్తావించని ఒక విషయం చెబుతాను. ఏసీ వాడితే కరెంటు ఖర్చవుతుందని అందరికీ తెలుసు. లోపలి గ్యాసు బయటికి పోతే జరిగే హాని మాత్రం చాలామందికి తెలియదు. ఏసీలలో వాడే ఆర్-410ఏ అనే గ్యాసు ఒక కిలో గాలిలో కలిస్తే అది దాదాపు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. లీటరు పెట్రోలు కాలిస్తే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, ఆ ఒక్క కిలో గ్యాసు దాదాపు 900 లీటర్ల పెట్రోలు కాల్చిన దానితో సమానమవుతుంది. ఆర్-32 గ్యాసుకు ఈ ప్రభావం దానిలో మూడో వంతు మాత్రమే ఉంటుంది. ఆర్-290, అంటే ప్రొపేన్, విషయంలో నామమాత్రం, కాని అది మండే వాయువు కనుక అమర్చేవారికి తగిన శిక్షణ ఉండాలి. ఆర్-410ఏ, ఆర్-32 వంటి వాయువుల వాడకాన్ని దశలవారీగా తగ్గించాలనే 2016లో రువాండా రాజధాని కిగాలిలో దేశాలన్నీ కలిసి, ఓజోన్ పొరను కాపాడడానికి చేసుకున్న మాంట్రియల్ ఒప్పందానికి సవరణ చేశాయి.

వాడుకదారులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఏసీలో గ్యాసు ఇంధనంలాగా ఖర్చయ్యేది కాదు. గ్యాసు తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ప్రతి వేసవికీ గ్యాసు నింపించుకోవడం అంటే ప్రతి ఏడాదీ ఆ గ్యాసును గాలిలోకి వదలడమే. కాబట్టి నింపే ముందు లీకు ఎక్కడో వెతికి మూయమని అడగండి. ఎక్కువసార్లు అది పైపులు కలిపే ఫ్లేర్ నట్ దగ్గరే ఉంటుంది, సబ్బు నురగ రాస్తే బుడగలు కనిపిస్తాయి. ఇల్లు మారేటప్పుడు ఏసీ విప్పే ముందు ‘పంప్ డౌన్’ చేయమనండి. అప్పుడు గ్యాసంతా బయటి యూనిట్‌లోకి చేరి అక్కడే నిలిచి ఉంటుంది. పైపులు కోసి గ్యాసును వదిలేస్తే పని త్వరగా అవుతుంది కనుక కొందరు అలా చేస్తారు, దగ్గర నిలబడి వద్దనాలి.

రోజూ సైకిల్:

ప్రయాణం గురించి క్లుప్తంగా చెబుతాను. కారును పూర్తిగా మానడం అందరికీ కుదరదు, కాని దగ్గరి ప్రయాణాలకు మానడం చాలామందికి కుదురుతుంది. ఇంజను వేడెక్కకముందే ముగిసిపోయే ప్రయాణాలలో కిలోమీటరుకు ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది, కాబట్టి సైకిల్‌తోనో నడకతోనో ముందుగా మార్చుకోవలసినవి అవే. పెద్ద రోడ్ల మీద వేగం తగ్గించడం కూడా తీసిపారేయదగినది కాదు. గాలి నిరోధం వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది, అంటే గంటకు 80 కిలోమీటర్ల నుంచి 110కి వెళితే అది దాదాపు రెట్టింపవుతుంది. టైర్లలో గాలి సరిగా ఉంచడం వల్ల వచ్చే ఆదా చిన్నదే అయినా, అందుకు అదనంగా పడే శ్రమ ఏమీ లేదు.

విమానం మాత్రం వేరే లెక్క. 2017లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం అట్లాంటిక్ దాటి ఒకసారి వెళ్లి వస్తే ఒక్కో ప్రయాణికుడి వాటాకు దాదాపు 1.6 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన ఉద్గారాలు వస్తాయి. ఏడాదంతా సైకిల్ తొక్కి మిగిల్చినది ఒక్క ప్రయాణంలో తుడిచిపెట్టుకుపోవచ్చు, ఈ మాట సైకిల్ అభిమానులకు నచ్చకపోయినా సరే.

వంటగది లెక్కలు:

ఆహారం గురించి ఇంకొక్క మాట. పారేయడం ఒక ఎత్తయితే, ఏం తింటున్నాం అన్నది మరొక ఎత్తు. పశువుల పెంపకం ద్వారా మానవజనిత హరితగృహ వాయువులలో 14.5 శాతం వెలువడుతున్నదని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో అంచనా వేసింది. నెమరువేసే జంతువుల కడుపులో మీథేన్ పుడుతుంది కనుక వాటి మాంసం, పాల ఉత్పత్తుల భారం పప్పుధాన్యాల కంటే చాలా ఎక్కువ. అయితే ఇంట్లో ఒకరి పళ్లెంపై మరొకరు తీర్పు చెప్పడం మొదలైతే ఏ మార్పూ నిలవదు. మా ఇంట్లో దేనినీ నిషేధించలేదు, పప్పుధాన్యాలతో చేసేవాటిని పెంచుకుంటూ వచ్చాం. అలా పెంచినకొద్దీ తక్కినవి వాటంతట అవే తగ్గాయి.

పాత సంచి:

గుడ్డ సంచుల గురించి ఒక చిన్న హెచ్చరిక చేయదలచాను. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో చేయించిన అధ్యయనంలో, ఒక మామూలు పత్తి సంచి వాతావరణపరంగా దుకాణాలలో ఇచ్చే ప్లాస్టిక్ సంచితో సమానం కావాలంటే దాన్ని కనీసం 52 సార్లు వాడాలని తేలింది. ప్లాస్టిక్ వల్ల కాలువలకూ జీవులకూ జరిగే హాని వేరే ప్రశ్న, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. ప్రతి సభలోనూ ఉచితంగా ఇచ్చే కొత్త సంచులను ఇంటికి తెచ్చి గుట్టగా పేర్చుకోవడం వల్ల మాత్రం ఎవరికీ మేలు లేదు. ఫోన్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఫోను మొత్తం జీవితకాలంలోని ఉద్గారాలలో అధిక భాగం దాన్ని తయారుచేసేటప్పుడే వెలువడుతుంది, కాబట్టి బ్యాటరీ మార్చుకుని ఇంకొన్నేళ్లు వాడడం మేలు.

మీటరు పరిశీలకుడు:

ఇన్ని వివరాలు ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. సందేహి గారి ప్రశ్న వల్లే చర్చ గాడిన పడిందని కూడా చెప్పాలి. ఒక అంశం చేర్చవలసి ఉంది: ఆదా చేసినది మరో దారిలో ఖర్చైపోవడం. తక్కువ బొగ్గుతో నడిచే యంత్రాలు వచ్చాక బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందని ఆంగ్లేయ ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే గుర్తించాడు. ఇళ్లలో దీనికి సరైన ఉదాహరణ, కరెంటు తక్కువ తీసుకుంటుందని కొత్త ఫ్రిజ్ కొని, పాతదాన్ని పారేయడానికి మనసొప్పక రెండో గదిలో పెట్టి అదీ నడపడం. మెకానిక్ గారూ, పాత ఫ్రిజ్ ఇంకా బాగానే పనిచేస్తుంటే దాన్ని ఉంచుకోవాలా, మార్చాలా అన్నది ఎలా నిర్ణయించాలో చెప్పగలరా?

ఏసీ మెకానిక్:

ముందుగా మీ ప్లగ్ మీటరును ఫ్రిజ్‌కు తగిలించి కనీసం ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయండి, ఎందుకంటే కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది కనుక ఏ ఒక్క క్షణంలోని వాట్లను చూసినా అసలు వాడకం తెలియదు. వచ్చిన యూనిట్లను అదే పరిమాణం గల కొత్త ఫ్రిజ్ లేబుల్‌తో పోల్చండి. తేడా కొద్దిగా ఉంటే పాతదే వాడుకోండి, కొత్తది తయారుకావడానికీ శక్తి ఖర్చవుతుంది కదా. తేడా రెండు మూడు రెట్లుంటే మార్చడమే నయం. అప్పుడు మాత్రం పాతదాన్ని తుక్కు కొనేవారికి నేరుగా ఇవ్వకుండా, గ్యాసును సిలిండర్‌లోకి తీయగలిగిన చోటికి పంపండి. చాలా పాత ఫ్రిజ్‌లలో గొట్టాలలోని గ్యాసే కాక గోడల మధ్య నురుగులో చిక్కుకున్న గ్యాసు కూడా హానికరమైనదే, కాబట్టి పగలగొట్టి ఇనుము తీసుకునేవారి చేతికి అది చేరకూడదు.

ఉంచుకోవాలని నిర్ణయిస్తే వెనకవైపు కాయిల్ మీది దుమ్ము దులిపి, గోడకూ ఫ్రిజ్‌కూ మధ్య గాలి ఆడేంత ఖాళీ వదలండి. లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీలు చాలు. తలుపు రబ్బరు గట్టిగా పట్టుకుంటున్నదో లేదో తెలుసుకోవడానికి ఒక కాగితాన్ని మధ్యలో ఉంచి తలుపు మూసి లాగండి. కాగితం సులువుగా జారి వస్తే ఆ చోట రబ్బరు వదులైందని అర్థం; ముందు గోరువెచ్చని నీటితో తుడిచి చూడండి, అప్పటికీ పట్టకపోతే రబ్బరు మార్పించండి, ఫ్రిజ్ మార్చనక్కరలేదు.