కాలనీ పార్కులో ఆకుల ఎరువు గోతులు: తవ్వాలా, వద్దా?

మూడోవీధి_మామిడి:
విశాఖలో మా కాలనీ అసోసియేషన్ ఈ ఆదివారం ఒక విషయం తేల్చబోతోంది. పార్కు ఉత్తరం గోడవారన రెండు గోతులు తవ్వి, రాలిన ఆకులు, కొట్టేసిన కొమ్మలు అందులో వేసి ఎరువు చేయాలని ప్రతిపాదన. ఇంటికి నెలకు యాభై రూపాయల చందా, తోటమాలికి అదనంగా ఇచ్చేది అందులోంచే. నేను గట్టిగా అనుకూలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊళ్ళో లెక్కలేనన్ని చెట్లు కూల్చేసింది. తర్వాత నాటినవి ఇప్పుడు మేడల ఎత్తు పెరిగాయి. వాటి ఆకును మాత్రం సంచుల్లో కుక్కి కాపులుప్పాడ డంపింగ్ యార్డుకు పంపుతున్నాం. మట్టికి బలం ఇవ్వాల్సిన ఆకు చెత్తకొండ మీదికి పోతుంటే నాకు మనసొప్పదు. 2016 ఘనవ్యర్థాల నిబంధనలు కూడా తోట చెత్తను వేరుగా, మన ఆవరణలోనే ఉంచాలనే చెప్పాయి. మీ అభిప్రాయాలు రాయండి.

ఫ్లాట్_302:
వ్యతిరేకం. ఇంటి పన్ను కడుతున్నాం. ఆ మధ్య నెలకు 120 చొప్పున చెత్త పన్ను కూడా కట్టాం. 2024 చివర్లో అది తీసేశారని ఊపిరి పీల్చుకునేలోపే మీ యాభై వచ్చింది. చెత్త ఎత్తడం మున్సిపాలిటీ పని. ఇంకో మాట, కొబ్బరి మట్టల సంగతేంటి? అవి మీ గోతిలో ఎన్నాళ్ళకు కుళ్ళుతాయి?

సముద్రపుగాలి:
ఈనెలు తీసి చీపుర్లు కట్టుకోవచ్చు కదండీ.

ఫ్లాట్_302:
ఎవరు కడతారు? మా అమ్మ తరంతో ఆ పని పోయింది. బండి వచ్చినప్పుడు మట్టను ఆకుపచ్చ డబ్బాలో వేస్తే తడి చెత్త కాదంటారు, నీలం డబ్బాలో వేస్తే పొడి చెత్త కాదంటారు. ముందు దీనికి జవాబు చెప్పండి, గోతుల సంగతి తర్వాత.

భీమిలి_బాట:
మేమిదివరకు ఉన్న అపార్ట్‌మెంటులో ఇలాగే తవ్వారు. ఆకుల గొయ్యి అన్నారు. నెల తిరక్కుండానే సాంబారన్నం, చేప ముళ్ళు అన్నీ అందులోనే. పందికొక్కులు చేరాయి. కింది వాటా వాళ్ళు తలుపు తీయలేకపోయారు. చివరికి మట్టి కప్పేశారు.

మూడోవీధి_మామిడి:
భీమిలి_బాట గారూ, అక్కడ కంపు కొట్టింది అన్నం, చేప వల్ల. ఎండాకు దానంతటది కంపు కొట్టదు. గాలి ఆడకుండా తడి కూర మెతుకులు ముద్దయితేనే కుళ్ళు వాసన. ఆకు ఒక వరుస, దాని మీద పేడనీళ్ళు, మళ్ళీ ఆకు. పిడికిట పట్టి పిండితే చెయ్యి తడవాలి కానీ నీళ్ళు కారకూడదు. వారానికోసారి తిరగేయాలి. బాగా పట్టిన కుప్ప నడిమధ్యన చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, చాలా వరకు కలుపు విత్తనాలు, పురుగు గుడ్లు ఆ వేడికే పోతాయి. కొన్ని నెలల్లో నల్లటి ఎరువు. వేపాకు, బాదం ఆకు, మామిడాకు అన్నీ అవుతాయి, మందంగా ఉన్నవి కాస్త ఆలస్యంగా అవుతాయి, అంతే. కొమ్మల్ని ముక్కలు కొట్టే మిషను ఒకటి అద్దెకు తెచ్చుకుంటే చాలు.

ఫ్లాట్_302:
మట్ట గురించి చెప్పలేదు.

మూడోవీధి_మామిడి:
మట్ట కూడా మిషనులో వేస్తే అవుతుంది! ఒక్క మట్టను పట్టుకుని మొత్తం పనిని ఆపుతున్నారు మీరు. మొన్న రాత్రి మీ అపార్ట్‌మెంటు వెనకాల ఆకుల కుప్పకు ఎవరో నిప్పు పెట్టారు. ఆ పొగకు మా నాన్నగారు తెల్లవార్లూ దగ్గుతూ మంచం మీద కూర్చునే ఉన్నారు. ఆరుబయట చెత్త కాలిస్తే 5,000, పెద్దఎత్తున కాలిస్తే 25,000 జరిమానా అని హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. ఇది మీకు పట్టదా?

ఫ్లాట్_302:
మేం పెట్టామని మీరు చూశారా? చూడకుండా నలుగురిలో ఇలా రాస్తారా? అసలా ఆకులు ఎవరివండీ? మా అపార్ట్‌మెంటులో ఒక్క చెట్టు లేదు. మీ మూడో వీధి మామిడాకు, బాదం ఆకు గాలికి కొట్టుకొచ్చి మా గేటు ముందు చేరుతుంది. రోజూ ఊడ్పించుకునేది మేం. కాయలు మీవి, కొబ్బరి బొండాలు మీవి, ఊడ్పు మాది. ఇప్పుడు చందా మాత్రం అందరికీ సమానమా? పెరడున్న ఇల్లూ యాభై, పూలకుండీ లేని ఫ్లాటూ యాభై. నేను అడ్డం తిరిగింది దీనికి.

సముద్రపుగాలి:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే బాగుండేది.

మూడోవీధి_మామిడి:
మా చెట్ల నీడన మీ కార్లు పెట్టుకోవడం లేదా? ఏప్రిల్‌లో ఆ వీధిలో నడిస్తే తెలుస్తుంది చెట్టు ఎవరిదో. చెట్టున్నవాళ్ళే మొత్తం మొయ్యాలంటే రేపు ఒక్కొక్కరూ కొట్టించేస్తారు. అప్పుడు ఆకులూ ఉండవు, చందా గొడవా ఉండదు.

వేకువ_బండి:
మీ కాలనీ కాదు మాది. మా అమ్మ ఇదే ఊళ్ళో పారిశుద్ధ్య కార్మికురాలు. ఆకుల సంచి అని ఇస్తారు, విప్పితే డైపర్లు, పగిలిన సీసాలు. ఒకసారి చేతికి కుట్లు పడ్డాయి, ఆ రోజు కూలీ పోయింది. 2023 డిసెంబరు చివర్లో మున్సిపల్ కార్మికులు సమ్మె చేసినప్పుడు వీధుల్లో ఏం జరిగిందో అందరూ చూశారు. గోతులు తవ్వడం మంచిదే, ఆ మేరకు బండికి బరువు తగ్గుతుంది. కానీ వారం వారం తిరగేసేది ఎవరు? తోటమాలి ఒక్కడేనా? గ్లౌజులు, బూట్లు ఆ చందా లెక్కలో ఉన్నాయా?

మూడోవీధి_మామిడి:
లేవు. చేర్చాలి. ఆదివారం నేనే అడుగుతాను.

ఉత్తరంగోడ_అద్దె:
ఇంతసేపూ చదువుతున్నాను. ఆ ఉత్తరం గోడకు ఇవతల మా వంటింటి కిటికీ ఉంది. పార్కు గోడకూ మా గోడకూ మధ్య మనిషి అడ్డంగా నడిచే సందు. అక్కడ రెండు గోతులు తవ్వుతామని మాకెవరూ చెప్పలేదు. అసోసియేషన్‌లో అద్దెవాళ్ళకు ఓటు లేదు కాబట్టి అడగాలనీ అనిపించలేదు. ఎరువు మీద నాకేం కోపం లేదు, మా ఊళ్ళో పెంటకుప్ప పక్కనే పెరిగాను. ఉత్తరం వైపే ఎందుకు?

మూడోవీధి_మామిడి:
అక్కడ నీడ ఉందండీ. ఎండ తగిలితే కుప్ప ఎండిపోయి కుళ్ళడం ఆగిపోతుంది. అది తప్ప వేరే ఉద్దేశం లేదు.

ఉత్తరంగోడ_అద్దె:
దక్షిణం వైపు ఏడాకులపాల చెట్లు వరసగా ఉన్నాయి. వాటి కింద పొద్దంతా నీడే. అటువైపు సొంత ఇళ్ళవాళ్ళ బాల్కనీలు, వాకింగ్ బాట ఉన్నాయి కాబట్టి ఆ మాట ఎవరూ అనలేదు.

భీమిలి_బాట:
అసలు విషయం ఇదన్నమాట.

ఫ్లాట్_302:
అద్దెవాళ్ళ దగ్గర కూడా యాభై వసూలు చేస్తారా? చేస్తే వాళ్ళనూ పిలవాల్సిందే.

ఉత్తరంగోడ_అద్దె:
యాభై నేను ఇస్తాను, అది పెద్ద మాట కాదు. గొయ్యి ఎక్కడ ఉండాలో చెప్పే చోట నన్ను కూర్చోనివ్వండి.

మూడోవీధి_మామిడి:
రండి, నేను పిలుస్తున్నాను. కానీ ఉన్నమాట చెప్తాను. దక్షిణం వైపు అంటే ఆదివారం ఈ ప్రతిపాదన నెగ్గదు. పొద్దున్నే నడిచేవాళ్ళు ఒప్పుకోరు. ముందు ఉత్తరాన ఒక్క గొయ్యితో మొదలుపెడదాం, ఆకు తప్ప ఇంకేమీ వేయనివ్వం, వర్షాకాలం గడిచాక వాసన ఉంటే అటు మార్చేద్దాం.

ఉత్తరంగోడ_అద్దె:
వర్షాకాలంలోనే కదండీ నీళ్ళు నిండి కంపు కొట్టేది. ఆ నెలలు మా కిటికీ దగ్గర గడిపి తర్వాత అటు మారుస్తారా? మొదటి గొయ్యి దక్షిణాన తవ్వండి, అక్కడ వాసన లేదని తేలాక రెండోది ఇటు తవ్వుకోండి. ఆదివారం వస్తాను. ఓటు లేకపోయినా నా అభ్యంతరం మినిట్స్ పుస్తకంలో రాయండి.