"సరే అయితే, నరకానికే పోతాను": హక్ ఫిన్ మాటలో ‘అయితే’ దేనికి?

ప్రశ్న: మార్క్ ట్వేన్ ‘హకల్‌బెరీ ఫిన్’ 31వ అధ్యాయంలో కథ చెప్పే కుర్రాడు హక్ పలికే మాట ఒకటుంది: "ఆల్‌రైట్, దెన్, ఐల్ గో టు హెల్." అమెరికన్ సాహిత్యంలో వ్యక్తివాదానికి ఇదే పెద్ద ఉదాహరణ అని క్లాసులో చెప్పారు. సంఘాన్ని ఎదిరించి మనస్సాక్షి మాట విన్న కుర్రాడని వివరించారు. దీన్ని తెలుగులో "నరకానికి పోతే పోయాను" అనుకుంటే సరిపోతుందా? ‘వ్యక్తివాదం’ అన్న మాట ఇక్కడ నప్పుతుందా?

జవాబు: మంచి ప్రశ్న అడిగారండీ. "పోతే పోయాను"లో లెక్కలేనితనం వినిపిస్తుంది. "ఉద్యోగం పోతే పోయింది" అన్న మనిషి అప్పటికే దాని మీద ఆశ వదులుకున్నాడు. హక్ స్థితి అది కాదు. ఆ మాటకు కాస్త ముందే, వణుకుతున్నానని తనే చెబుతాడు. రెండింటిలో ఒకటి శాశ్వతంగా తేల్చుకోవాలి, ఆ సంగతి నాకు తెలుసు అంటాడు. ఊపిరి బిగబట్టి ఒక్క నిమిషం ఆలోచిస్తాడు. ఆ పిల్లవాడికి నరకం నిజంగా ఉన్న చోటు. అందుకే నేనైతే "సరే అయితే, నరకానికే పోతాను" అంటాను.

మీరు చెప్పిన "పోతే పోయాను" మొదటి అధ్యాయంలో అయితే చక్కగా కుదురుతుంది. అక్కడ అతన్ని పద్ధతిలో పెట్టాలని చూసే ముసలావిడ మిస్ వాట్సన్ నరకం గురించి చెప్పి భయపెడితే, నేను అక్కడే ఉంటే బాగుండును అనేస్తాడు. ఆవిడ మండిపడుతుంది. పాపం, అతనికి కావలసింది ఆ కుర్చీలోంచి లేచి ఎక్కడికో ఒకచోటికి పోవడం, అంతే. అదే నరకం మాట 30 అధ్యాయాల తర్వాత మళ్లీ వచ్చేసరికి ఎంత బరువెక్కిందో చూడండి.

ఇక ‘దెన్’. మన ‘అయితే’. ఏది అయితే? అది తెలియాలంటే అతని చేతిలో ఉన్న కాగితం సంగతి తెలియాలి.

కథాకాలం 1830లు, 40లు. మిస్సోరీలో బానిసత్వం చట్టబద్ధం. జిమ్ అనే బానిస మిస్ వాట్సన్ సొత్తు. తనను న్యూ ఆర్లీన్స్‌కు 800 డాలర్లకు అమ్మబోతున్నారని విని పారిపోయాడు. తాగుబోతు తండ్రి నుంచి తప్పించుకొచ్చిన హక్, అతనూ తెప్ప మీద మిసిసిపీ నదిలో చాలా దూరం వచ్చారు. మధ్యలో తెప్ప ఎక్కిన ఇద్దరు మోసగాళ్లలో ‘రాజు’ అనే ముసలివాడు జిమ్‌ను 40 డాలర్లకు అమ్మేశాడు. హక్ దృష్టిలో, తను ఇన్నాళ్లూ చేసింది ఒక పాపం చెయ్యని ముసలావిడ ఆస్తిని దొంగిలించడం. పైనుంచి దేవుడు చూస్తూనే ఉన్నాడని హడలిపోతాడు. ప్రార్థన చేద్దామని మోకరిల్లితే మాటలు రావు. అబద్ధాన్ని ప్రార్థనగా పెట్టలేం అని అర్థమవుతుంది. అప్పుడు జిమ్ ఎక్కడున్నాడో తెలియజేస్తూ మిస్ వాట్సన్‌కు ఉత్తరం రాస్తాడు. రాయగానే, జీవితంలో మొదటిసారి పాపమంతా కడిగేసుకున్నట్టు హాయిగా ఉందంటాడు.

కానీ కాగితం పక్కన పెట్టి ఆలోచనలో పడతాడు. జిమ్ తన కాపలా వంతు అయిపోయినా హక్‌ను నిద్ర లేపకుండా అతని వంతు కూడా కాసిన రాత్రులు గుర్తొస్తాయి. పొగమంచులో తప్పిపోయి తిరిగొచ్చినప్పుడు జిమ్ పొంగిపోవడం, ముద్దుగా పిలవడం, ఈ లోకంలో నాకున్న ఒకే ఒక్క నేస్తానివి నువ్వే అనడం. అంతలో కళ్లు కాగితం మీద పడతాయి. ఈ ఉత్తరం పంపకపోవడం నరకానికి దారి అయితే, సరే, అక్కడికే పోతాను. ‘అయితే’లో ఉన్న షరతు అదండీ. ఉత్తరం చించేస్తాడు.

అందుకే "మనస్సాక్షి మాట విన్నాడు" అన్న వివరణ నాకు నచ్చదు. ఇక్కడ మనస్సాక్షి బానిసల యజమానుల పక్షాన ఉంది! ఉత్తరం రాయమని పోరింది అదే. 1895లో ట్వేన్ ఈ అధ్యాయం గురించి రాసుకుంటూ, మంచి గుండె, వంకరపోయిన అంతరాత్మ ఢీకొంటే అంతరాత్మ ఓడిపోయిన కథ ఇది అన్నాడు. మిస్సోరీలోని హానిబాల్‌లో పెరిగిన ఆయనకు ఆ వంకర ఎక్కడ నుంచి వచ్చిందో బాగా తెలుసు. చిన్నప్పుడు బానిసత్వం తప్పని నాకు తెలియనే తెలియదు, చర్చిలో అది దేవుడికి సమ్మతమేనని చెప్పేవారు అని ఆత్మకథలో రాశాడు.

అమెరికన్ తత్వవేత్త ఎమర్సన్ 1841లో స్వావలంబన మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో కూడా ఇలాంటి మాటే ఉంది. నీ లోపలి ప్రేరణలు పైనుంచి కాక కింద నుంచి వచ్చాయేమో అని ఒకరు హెచ్చరిస్తే, నాకలా అనిపించడం లేదు, ఒకవేళ నేను సైతాను బిడ్డనే అయితే సైతాను బిడ్డగానే బతుకుతాను అంటాడు. వ్యక్తివాదం అని పాఠాల్లో చెప్పేది అదే: నా స్వభావమే నాకు ధర్మం. ఎమర్సన్‌కు తను చేసేది సరైనదేనన్న ధీమా ఉంది. హక్‌కు అది లేదు. సంఘం తప్పు, నేను ఒప్పు అని అతను ఒక్కసారి కూడా అనడు. నేను తప్పే చేస్తున్నాను, అయినా చేస్తాను అంటాడు. ఆ ధైర్యం ముందు ఎమర్సన్ ధైర్యం నాకు చిన్నదిగానే కనిపిస్తుంది.

మరొకరి మాట: ఇది చదువుతుంటే రామానుజుల వారి కథ గుర్తొచ్చింది. గురువు రహస్యంగా ఉంచమన్న మంత్రాన్ని తిరుకోష్టియూరు గుడి గోపురమెక్కి అందరికీ వినిపించారంటారు కదా. ఇంతమంది తరిస్తారంటే నేనొక్కణ్ణి నరకానికి పోయినా ఫరవాలేదు అన్నారట. భావం ఒకటే కాదా?

జవాబు: చాలా దగ్గరి పోలికండీ. ఇద్దరూ ఎదుటివాళ్ల కోసమే నరకానికి సిద్ధపడ్డారు. తేడా ఏమిటంటే రామానుజులకు తాను చేసేది పుణ్యమని తెలుసు. శిక్ష తనకు, ఫలం జనానికి. చివరికి గురువు కూడా మెచ్చుకుని కౌగిలించుకున్నారంటారు. హక్ మాట వినడానికి అక్కడ పురుగు కూడా లేదు. తన నరకం వల్ల ఎవరికో మోక్షం వస్తుందన్న ఊరటా లేదు. అయినా ‘ఎదుటివాళ్ల కోసం’ అని మీరు గుర్తుచేసినందుకు సంతోషం. హక్‌ను ఒంటరి వీరుడిగా చూపించే చదువుల్లో జారిపోయేది అదే. 15వ అధ్యాయంలో అతను జిమ్‌ను ఆటపట్టించి ఏడిపించాడు. ఒక బానిస ముందు తల వంచి క్షమాపణ అడగడానికి మనసు కూడగట్టుకోవడానికి 15 నిమిషాలు పట్టిందంటాడు. అడిగాడు, అందుకు ఆ తర్వాత ఎన్నడూ బాధపడలేదు. 16వ అధ్యాయంలో పారిపోయిన బానిసల కోసం వెతికేవాళ్లు ఎదురైతే తెప్పలో మశూచి రోగి ఉన్నాడనిపించేలా మాట్లాడి తరిమేశాడు. 31వ అధ్యాయంలో కాగితం చింపిన చెయ్యి ఈ సావాసంలో తయారైంది. సొంత సిద్ధాంతం అంటూ అతనికి ఏదీ లేదు.

అసలు సొంత అభిప్రాయం అనేది మనిషికి ఉంటుందని ట్వేన్ పెద్దగా నమ్మలేదు. 1901లో రాసి, ఆయన పోయాక 1923లో అచ్చయిన వ్యాసం ఒకటుంది. అందులో, చిన్నప్పుడు ఒక బానిస యువకుడు చెప్పగా విన్న మాటను తలుచుకుంటాడు: మనిషికి మొక్కజొన్న రొట్టె ఎక్కడ దొరుకుతుందో చెప్పు, అతని అభిప్రాయాలేమిటో నేను చెబుతాను. హక్ అభిప్రాయం కూడా ఊరి అభిప్రాయమే. అతనికి సొంతమైంది, చేసిన పని ఒక్కటే. అందుకని ‘వ్యక్తివాదం’ కంటే ‘తెగింపు’ అన్న మాట అతనికి నప్పుతుందని నా ఉద్దేశం.

మొదటి ప్రశ్న అడిగినవారు: మరి అంత తెగించినవాడు తర్వాత తన నేస్తం టామ్ సాయర్ రాగానే వెనక నక్కి, అతను చెప్పిన పిచ్చి నాటకమంతా ఎందుకు ఆడాడు? జిమ్‌ను గుడిసెలో ఉంచి ఆడుకోవడం చదువుతుంటే కోపం వచ్చింది.

జవాబు: మీ కోపం న్యాయమైనదే. అమెరికన్ రచయిత హెమింగ్వే 1935లో ఇదే అన్నాడు: జిమ్‌ను ఎత్తుకుపోయిన చోటే ఆపేయండి, మిగతాది మోసం అని. నాకూ ఆ అధ్యాయాలు నచ్చవు. మిస్ వాట్సన్ రెండు నెలల కిందటే చనిపోతూ జిమ్‌కు విడుదల రాసిందని టామ్‌కు తెలుసు. తెలిసే అతన్ని బందీగా ఉంచాడు. నండూరి రామమోహనరావు గారి అనువాదంలో చిన్నప్పుడే చదివినవాళ్లకు ఆ అల్లరంతా సరదాగా గుర్తుండవచ్చు. పెద్దయ్యాక చదివితే కష్టంగా ఉంటుంది.

కానీ అక్కడ కూడా మన చర్చకు పనికొచ్చే వాక్యం ఒకటుంది. టామ్‌కు విడుదల సంగతి ముందే తెలుసని బయటపడ్డాక హక్ హమ్మయ్య అనుకుంటాడు. మంచి పెంపకంలో పెరిగిన టామ్ ఒక బానిసను విడిపించడానికి ఎలా ఒప్పుకున్నాడో ఇన్నాళ్లూ అంతుబట్టలేదు, ఇప్పుడు అర్థమైంది అంటాడు. అంటే 42వ అధ్యాయం దాకా వచ్చినా, బానిసను విడిపించడం మంచి కుటుంబంలో పుట్టినవాళ్లు చెయ్యకూడని పనేనని అతని నమ్మకం.