పట్టాలు చూసే రైలు ఉండగా, మనుషులు నీళ్ల డబ్బా పెట్టుకుని బండి నెట్టడం ఎందుకు?

డోర్నకల్_ప్యాసింజర్:
రోజూ డోర్నకల్ నుంచి కాజీపేట వెళ్లొస్తుంటాను. పోయిన వారం ప్లాట్‌ఫామ్ మీద ఉండగా రెండు మూడు పెట్టెల చిన్న బండి ఒకటి ఆగకుండా వెళ్లిపోయింది. కింద చక్రాల దగ్గర కెమెరాల్లాంటివి, లైట్లు కనిపించాయి. అది పట్టాలు చెక్ చేసే రైలని పక్కనున్నాయన చెప్పాడు. రెండు రోజులకి అదే లైన్లో నలుగురు మనుషులు మిట్టమధ్యాహ్నం ఎండలో చిన్న తోపుడు బండిని పట్టాల మీద నెట్టుకుంటూ పోతున్నారు. దాని మీద నీళ్ల డబ్బా, అందులోంచి సన్న పైపులు పట్టా మీదికి, ఒకాయన తల వంచుకుని స్క్రీన్ వంకే చూస్తున్నాడు. రైలు చూసేశాక మళ్లీ వీళ్లు చూసేదేంటి? 2022లో మా లైన్లో స్పీడు 130కి పెంచినప్పటి నుంచి పిల్లలతో రాత్రి ప్రయాణం అంటే కాస్త టెన్షన్‌గానే ఉంటోంది, తెలిసినవాళ్లు చెప్పండి.

పీవే_రిటైర్డ్:
మీరు చూసినవి రెండూ వేర్వేరు పనులు బాబూ. రైలు పట్టా ఎలా పరుచుకుని ఉందో చూస్తుంది, తోపుడు బండి పట్టా లోపల ఏముందో చూస్తుంది.

ఆ రైలు ట్రాక్ రికార్డింగ్ కార్, మేం టీఆర్‌సీ అంటాం, లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ నడుపుతుంది. రెండు పట్టాల మధ్య ఉండాల్సిన 1676 మిల్లీమీటర్ల గేజ్ ఎక్కడ తేడా వచ్చింది, ఒక పట్టా పక్కదానికన్నా ఎంత కుంగింది, లైను ఎక్కడ వంకర పోయింది, ఇవన్నీ నడుస్తూనే కొలుస్తుంది. ఇప్పుడు వచ్చిన ఐటీఎంఎస్ పరికరాలు పట్టాను తాకకుండా లేజర్లతో, కెమెరాలతో గంటకు 20 నుంచి 200 కిలోమీటర్ల వేగం దాకా కొలుస్తాయి.

దీన్ని బరువున్న బండితోనే ఎందుకు కొలవాలంటే, స్లీపర్ (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మ) కింద కంకర వదులై ఖాళీ ఏర్పడినా పట్టా పైకి బాగానే కనిపిస్తుంది, చేత్తో గేజ్ పెట్టినా లెక్క సరిగ్గానే వస్తుంది, బరువు ఎక్కితేనే అక్కడ కుంగుతుంది. వానాకాలంలో అలాంటి స్లీపర్ పక్కన కంకర మీద బురద చిమ్మి ఉంటుంది, బండి ఎక్కిన ప్రతిసారీ కింది నీళ్లు బురదతో సహా పైకి తన్నుకొస్తాయి. ఒక పట్టా కుంగి రెండోది కుంగకపోతే లైను మెలితిరుగుతుంది. ఒక చక్రం మీద బరువు తగ్గి అది పట్టా పైకి ఎక్కే ప్రమాదం ఉంటుంది కాబట్టి మేం అన్నిటికన్నా ఎక్కువ భయపడేది ఆ మెలికకే. నేను సెక్షన్లో ఉన్న రోజుల్లో టీఆర్‌సీ వెళ్లిందంటే ఏ కిలోమీటర్లో, ఏ స్తంభం దగ్గర దాని గ్రాఫులో గీత పైకి లేచిందో చూసుకుని తెల్లారేసరికి లైను బాగుచేసే గ్యాంగును అక్కడికి పంపేవాళ్లం.

ఇంకో మాట, రైలు చివర పెద్ద అద్దం ఉన్న పెట్టె కనబడితే అది టీఆర్‌సీ కాదు, అధికారులు వెనక్కి చూస్తూ లైను తనిఖీ చేసే పెట్టె.

లోహం_పరీక్ష:
సార్ వదిలేసిన తోపుడు బండి సంగతి నేను చెప్తాను, ఈ పనిలో పదేళ్లుగా ఉన్నాను. దాన్ని యూఎస్ఎఫ్‌డీ అంటారు, అల్ట్రాసోనిక్ పరీక్ష. పట్టాకి ఆనించే ప్రోబ్ అనే చిన్న పరికరం నుంచి మన చెవికి వినపడని ధ్వని ఉక్కులోకి పోతుంది. పట్టా బాగుంటే అడుగు దాకా పోయి తిరిగొస్తుంది, మధ్యలో పగులు ఉంటే అక్కడే తగిలి ముందే వెనక్కి వస్తుంది. ప్రోబ్‌కీ పట్టాకీ మధ్య కాస్త గాలి ఉన్నా ఆ ధ్వని దాటలేదు, అందుకే నీళ్లు. స్కానింగ్ సెంటర్లో పొట్ట మీద జెల్ రాసేది కూడా ఇందుకే. పట్టా తలలో, అంటే చక్రం దొర్లే పై భాగంలో అడ్డంగా వచ్చే పగుళ్లు నిట్టనిలువుగా పంపిన ధ్వనికి దొరకవు కాబట్టి 70 డిగ్రీల వాలులో ముందుకొకటి, వెనక్కొకటి ప్రోబ్‌లు ఉంటాయి. నీళ్ల ధార ఒక్క క్షణం ఆగినా ఆ అడుగు పట్టా చూడనట్టే, అందుకే ఒక మనిషి కళ్లు స్క్రీన్ మీద, ఇంకో మనిషి కళ్లు పైపు మీద ఉంటాయి.

లోపలి పగులు కంటికి కనబడదని లోకం గట్టిగా తెలుసుకుంది 1911 ఆగస్టులో. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం మాంచెస్టర్ దగ్గర పట్టా విరిగి రైలు పడిపోయి 29 మంది పోయారు, విరిగిన ముక్క చూస్తే పగులు పట్టా లోపలే పుట్టి పెరిగింది. ఆ తర్వాత గైరోస్కోపుల మీద పనిచేసిన ఎల్మర్ స్పెర్రీ పట్టాలోకి కరెంటు పంపి, పగులు దగ్గర అయస్కాంత క్షేత్రం చెదరడాన్ని పట్టుకునే బండి తయారు చేశాడు, 1928 నుంచి అవి అక్కడ లైన్ల మీద తిరిగాయి. అంటే లోపలి పగుళ్లు వెతికే రైళ్లూ ఉన్నాయి. మన దగ్గర మాత్రం ఎక్కువ పని ఇంకా నడిచే మనుషుల మీదే ఉంది, ముఖ్యంగా సైట్లో పోసిన వెల్డింగ్ అతుకుల దగ్గర పక్కల నుంచి, కింది అంచు నుంచి విడిగా చేతి ప్రోబ్ పెట్టి చూడాల్సిందే.

కీమ్యాన్_కొడుకు:
మా నాన్న కీమ్యాన్‌గా, అంటే రోజూ లైను వెంట నడిచి పట్టాలు చూసే మనిషిగా చేశారు. పై రెండు పరీక్షల మధ్య రోజులన్నీ కీమ్యాన్‌వే. పొద్దున్నే భుజాన స్పానర్, సుత్తి, జెండాలు, డిటోనేటర్లు (చక్రం ఎక్కితే పేలి డ్రైవర్‌ను హెచ్చరించేవి) వేసుకుని తన బీటు, అంటే తనకు అప్పగించిన లైను మొత్తం నడవాలి. చలికాలం రాత్రి పట్టా ముడుచుకుంటుంది, రెండు వైపులా బిగించి ఉంటుంది కాబట్టి లాగుడు పెరిగి బలహీనమైన అతుకు తెగుతుంది, అందుకే ఆ నెలల్లో రాత్రి పెట్రోలింగ్ కూడా. పట్టా విరిగిందని కనబడితే బండి వచ్చే వైపు పరుగెత్తి 600 మీటర్ల దగ్గర ఒకటి, 1200 మీటర్ల దగ్గర పది మీటర్ల ఎడంతో మూడు డిటోనేటర్లు పెట్టాలి. ఇంట్లో నాన్న బూట్లు గుమ్మం పక్కన కనబడేదాకా అమ్మ అన్నం తినేది కాదు. ఆ నడిచేవాళ్లను దయచేసి తక్కువగా చూడకండి.

డోర్నకల్_ప్యాసింజర్:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. కీమ్యాన్ గారి సంగతి చదివాక మాట రాలేదు. ఇంకొక్కటి, ఆ తోపుడు బండి వెళ్లాక పట్టా పక్క భాగం మీద ఎర్ర రంగుతో ఇంటూ మార్కు కనిపించింది. భయపడాలా?

లోహం_పరీక్ష:
ఎన్ని మార్కులున్నాయో చూశారా? ఒక్కటే అయితే లోపం కనిపెట్టాం, గమనిస్తున్నాం అని. మూడు ఉంటే వెంటనే తీసేయాల్సిన పట్టా. అక్కడ మధ్యలో ఉబ్బెత్తుగా వంచిన ఫిష్ ప్లేట్లు (పట్టాను పక్కల నుంచి పట్టి ఉంచే ఇనుప పలకలు) రెండు వైపులా క్లాంపులతో బిగిస్తారు, బండ్లను గంటకు 30 కిలోమీటర్లకు తగ్గిస్తారు, మూడు రోజుల్లోగా ఆ ముక్క మార్చాలి. మీ బండి ఆ చోట మామూలు స్పీడులోనే వెళ్తోందంటే అది ఒక్క మార్కుదే అయ్యుంటుంది.

డోర్నకల్_ప్యాసింజర్:
ఒక్కటే ఉందండి, ఇవాళ పొద్దున బండి దిగాక మళ్లీ చూశాను.