అమ్మ విజయవాడ నుంచి పాల పంపు తేవాలా, ఇక్కడే తీసుకోవాలా?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. కంపెనీ బదిలీ మీద డల్లాస్ వచ్చి నాలుగు నెలలైంది. ఇప్పుడు నాకు ఏడో నెల, పురుడు ఇక్కడే. అమ్మ వచ్చే నెల బయల్దేరుతోంది. సూర్యారావుపేటలో పాలు తీసే చేతి పంపు, కరెంటు పంపు రెండూ చూసిందట. ఏది తెమ్మంటావని రోజూ అడుగుతోంది. బిడ్డకు మూడో నెల రాగానే నేను ఆఫీసుకు వెళ్లాలి. కాస్త చెప్పగలరా?

*

చెల్లీ, మాది గుంటూరు, బ్రాడీపేట. మా పెద్దవాడు అక్కడే పుట్టాడు, చిన్నది ఇక్కడ పుట్టింది. రెండు రకాల పంపులూ వాడాను కాబట్టి చెబుతున్నా.

కరెంటు పంపు కొనొద్దని అమ్మకు ఈరోజే ఫోన్ చెయ్యి. మన దగ్గర కరెంటు 230 వోల్టులు, ఇక్కడ 120. అడాప్టర్ మీద 100-240 అని రాసి ఉంటే పనిచేస్తుంది, 220-240 అని మాత్రమే ఉంటే ఇక్కడ నమ్ముకోలేం. పనిచేసినా, రేపు వాల్వు సాగిపోతే ఆ మోడల్‌కు సరిపోయేది ఇక్కడ వెతుక్కోవాలి. పైగా ఇక్కడ 2010లో వచ్చిన ఆరోగ్య బీమా చట్టం ప్రకారం చాలా ఇన్సూరెన్సులు పాలిచ్చే తల్లికి పంపు ఖర్చు భరించాలి. కొన్ని పాత ప్లాన్లకు వర్తించదు, కొన్ని కొత్తది ఇవ్వకుండా అద్దెకు ఇస్తాయి. కార్డు వెనక నంబరుకు ఫోన్ చేసి డాక్టర్ చీటీ కావాలా, ఎవరి దగ్గర తీసుకోవాలి, పురుడుకు ముందే పంపుతారా అని కనుక్కో. ముందే బయట కొనేసి తర్వాత బిల్లు పెడదాం అనుకోకు, డబ్బు తిరిగి రాకపోవచ్చు.

ఇక ఏది మంచిది అంటావా, రోజుకు ఎన్నిసార్లు తీయాల్సి వస్తుందో లెక్క వేసుకో. ఆఫీసు, ప్రయాణం కలిపి తొమ్మిది గంటలు బిడ్డకు దూరంగా ఉంటే మూడుసార్లు తీయాలి. రెండు వైపులా ఒకేసారి లాగే కరెంటు పంపుతో ఒక్కోసారి పావుగంట, ఇరవై నిమిషాలు. చేతి పంపైతే ఒక వైపు అయ్యాక రెండో వైపు, అంతసేపూ పిడి నొక్కుతూనే ఉండాలి.

ఆ బాధ నాకు తెలుసు. పెద్దవాడు నెలలు నిండకుండా పుడితే కొత్తపేట ఆసుపత్రిలో పదకొండు రోజులు బాక్సులో పెట్టారు. నా దగ్గర చేతి పంపు ఒక్కటే ఉంది. రాత్రీ పగలూ మూడు గంటలకోసారి తీసేదాన్ని. నాలుగో రోజుకు కుడిచేతి బొటనవేలి మొదలు వాచి, గ్లాసు కూడా ఎత్తలేకపోయాను. అమ్మ పక్కన కూర్చుని తన చేత్తో పిడి నొక్కేది, నేను రొమ్ముకు ఆనించే గరాటు పట్టుకునేదాన్ని. తీసిన పాల సీసాను స్టీలు క్యాన్లో ఐసు మధ్య పెట్టుకుని నాన్న ఆటోలో వెళ్లి ఇచ్చి వచ్చేవాడు. అక్కడ నర్సు ఉగ్గుగిన్నెతో పట్టేది. బిడ్డ బాక్సులో ఉన్న తల్లికి రెండు వైపులా లాగే పెద్ద మిషన్ అద్దెకు దొరుకుతుందని ఆరోజు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అలాంటి అవసరం నీకు రాకూడదు. వస్తే మాత్రం ఆసుపత్రిలో మొదటిరోజే అడుగు.

అలాగని కరెంటు పంపు ఉంది కదా అని పుట్టిన రోజే బిగించుకోకు. ముర్రుపాలు చిక్కగా, చెంచాడే వస్తాయి, పంపు గొట్టాలకే అంటుకుపోతాయి. అవి చేత్తో పిండి చెంచాలోకి తీయడమే తేలిక. ఎలాగో పురుడు పోసుకునే ఆసుపత్రిలో నర్సు చూపిస్తుంది, సిగ్గుపడకుండా అడుగు.

ఇంకో మాట. ఏ పంపైనా గరాటు సైజు సరిపోకపోతే నరకమే. పంపుతో పాటు చాలావాటికి 24 మిల్లీమీటర్లది వస్తుంది. చిన్నదాని అప్పుడు నేను అదే వాడి, చర్మం ఎర్రబడి పగిలి, పంపు చూస్తేనే ఏడుపొచ్చేది. తప్పు మిషన్‌ది అనుకుని ఇంకోటి కొనబోయాను. పాలివ్వడం నేర్పే సలహాదారు చనుమొనను స్కేలుతో కొలిచి 19 చాలంది. ఆ వారంలోనే నొప్పి తగ్గింది, పాలూ పెరిగాయి. నువ్వు కొలిపించుకున్నాకే వాడు. ఆ సలహా ఖర్చు కూడా మామూలుగా ఇన్సూరెన్సే ఇస్తుంది.

ఎవరైనా స్నేహితురాలు తను వాడిన పంపు ఇస్తానంటే వద్దను. ఒక్కరి కోసం చేసిన మిషన్లలో పాల తడి లోపలికి పోవచ్చు, పైన ఎంత కడిగినా అది పోదు.

ఆఫీసులో మొహమాటం పెట్టుకోకు. 2022 డిసెంబరులో వచ్చిన చట్టం ప్రకారం బిడ్డకు ఏడాది వచ్చేదాకా పాలు తీసుకోవడానికి విరామం, బాత్రూమ్ కాని చాటైన గది చాలామంది ఉద్యోగినులకు ఇవ్వాలి. సెలవు పెట్టేముందే మేనేజర్‌కు మెయిల్ రాసి ఉంచు.

*

అక్కా, చాలా థాంక్స్. మరి చేతి పంపు కూడా తేవద్దా? బిడ్డకు ఎనిమిదో నెలలో అన్నప్రాశనకు విజయవాడ వెళ్దామనుకుంటున్నాం. అప్పుడు వేసవి.

*

చేతి పంపు తప్పకుండా తెమ్మను, లేదా ఇక్కడ కొనుక్కో, పెద్ద ఖరీదేం కాదు. అర్ధరాత్రి రొమ్ము రాయిలా గట్టిపడి బిడ్డ నోటికి అందనప్పుడు, వేడి గుడ్డ కాసేపు పెట్టి చేతి పంపుతో కొంచెం తీస్తే మెత్తబడుతుంది. చప్పుడు ఉండదు, బిడ్డ లేవదు. రైల్లో, పెళ్లిళ్లలో, కరెంటు పోయినప్పుడు అదే దిక్కు. ఇక్కడి పంపు అక్కడికి తీసుకెళ్లేటప్పుడు కూడా అడాప్టర్ మీద 100-240 ఉందో లేదో చూడు. 120 అని మాత్రమే ఉన్నది మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది.

తీసిన పాలు 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయని ఇక్కడ చెబుతారు. విజయవాడ మే నెలకు ఆ నాలుగు గంటల లెక్క పనికిరాదు. తీసిన వెంటనే ఫ్రిజ్‌లో, తలుపు దగ్గర కాకుండా లోపలికి పెట్టు. డీప్ ఫ్రీజర్లో గడ్డకట్టినవి ఒకసారి కరిగాక మళ్లీ గడ్డకట్టించకూడదని ఇంట్లో అందరికీ చెప్పు.

అమ్మ సూట్‌కేసులో చోటుంటే కాయంతో పాటు ఒక ఉగ్గుగిన్నె పెట్టుకోమను. స్టీలుది చాలు, మరిగే నీళ్లలో వేయొచ్చు.